అచ్చుతప్పు కార్డులను ఆన్‌లైన్‌లో కొనడం, అమ్మడం: సమగ్ర మార్గదర్శి

ముద్రణాలయంలోనే ఏరి పారేయవలసిన ట్రేడింగ్ కార్డు (ఆడుకోవడానికో సేకరించడానికో ప్యాకెట్లలో అమ్మే బొమ్మల కార్డు) ఒకటి ఎవరి కంటా పడకుండా ప్యాకెట్‌లో చేరి బయటికి వస్తుంది. ఆటగాడికి అది పాడైన కార్డు. అచ్చుతప్పులను సేకరించేవారికి మాత్రం అది యంత్రం తడబడిన క్షణానికి మిగిలిన ఆనవాలు, కొన్నిసార్లు ప్రపంచంలో రెండో ప్రతి లేని వస్తువు. ఈ ఆకర్షణ వల్లే ఆన్‌లైన్‌లో వీటికి గిరాకీ ఉంది. ఆ గిరాకీ వల్లే మోసమూ ఉంది. మామూలు కార్డు అసలుదో నకిలీదో తేల్చడానికి పక్కన పెట్టి పోల్చుకునే ప్రతి దొరుకుతుంది. అచ్చుతప్పు కార్డుకు చాలాసార్లు అలాంటి ప్రతి ఉండదు. అందుచేత కొనేవారైనా అమ్మేవారైనా మొదట జవాబు చెప్పుకోవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ తప్పు ఏ దశలో, ఏ యంత్రం దగ్గర, ఎలా జరిగింది? దీనికి నమ్మదగిన జవాబు దొరకని కార్డుకు అచ్చుతప్పు ధర పెట్టకూడదన్నది ఈ రంగంలో నేను నేర్చుకున్న మొదటి పాఠం. కింద చెప్పబోయే ప్రతి మెట్టూ దాని మీదే నిలబడి ఉంటుంది.

మొదటి మెట్టు: తప్పు పుట్టిన చోటును గుర్తించడం

ట్రేడింగ్ కార్డులను ఒక్కొక్కటిగా అచ్చు వేయరు. పెద్ద షీటు మీద పదుల సంఖ్యలో కార్డులు పక్కపక్కన ఉంటాయి. మ్యాజిక్ ద గ్యాదరింగ్ ఆటకు అడ్డంగా పదకొండు, నిలువుగా పదకొండు చొప్పున 121 కార్డుల షీట్లు వాడిన సంగతి సేకర్తలకు పరిచయమే. ఆ షీటు ఆఫ్‌సెట్ యంత్రంలో నీలం, మెజెంటా (ముదురు గులాబీ), పసుపు, నలుపు సిరాల గుండా వరుసగా సాగి, పైన మెరుపు పూత పూయించుకుని, తర్వాత కోతకు వెళ్తుంది. కోసిన కార్డులను కలిపి, లెక్క ప్రకారం పేర్చి, ప్యాకెట్లలో పెట్టి, వేడి దవడలతో అంచులు నొక్కి మూస్తారు. తప్పు ఈ దారిలో ఎక్కడైనా జరగవచ్చు. ఎక్కడ జరిగిందన్న దాన్ని బట్టి దాని స్వభావమూ విలువా మారిపోతాయి.

అచ్చు పలక అయిన ప్లేటు తయారుకాక ముందే జరిగే తప్పులు రూపకల్పనకు చెందినవి. తప్పు బొమ్మ, తప్పు అంకె, అక్షరదోషం, ఉండవలసిన గుర్తు లేకపోవడం ఈ కోవలోకి వస్తాయి. ఇవి ఆ ముద్రణలోని ప్రతి కార్డులోనూ ఒకేలా ఉంటాయి.

యంత్రం మీద జరిగే తప్పులే అన్నిటికన్నా వైవిధ్యం ఉన్నవి. ఒక రంగు సిరా అందకపోతే కార్డంతా వింత వర్ణంలో వస్తుంది. రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోకపోతే గీతలకు నీడ వచ్చినట్టు, అక్షరాలు రెండుగా చీలినట్టు కనిపిస్తాయి. దీన్నే రిజిస్ట్రేషన్ తప్పడం అంటారు. షీటు మీద కాగితపు ముక్క పడితే, సిరా ఆ ముక్క మీద పడి, అది రాలిపోయాక కార్డు మీద తెల్లటి ఖాళీ మిగులుతుంది. ప్లేటుకు గానీ, దాని మీది సిరాను కాగితానికి చేర్చే రబ్బరు పొర అయిన బ్లాంకెట్‌కు గానీ ధూళికణం అంటుకుంటే నడుమ చుక్క, చుట్టూ తెల్లటి వలయం ఏర్పడతాయి. ముద్రణ పనివారు దీన్ని హికీ అంటారు. దాన్ని తుడిచేదాకా వరుసగా అనేక షీట్ల మీద అది అచ్చవుతూనే ఉంటుంది కాబట్టి చిన్న హికీని అరుదైన తప్పుగా ఎంచకూడదు. తడి ఆరని సిరా పై షీటు వెనుకకు అంటుకుంటే అక్కడ బొమ్మ అద్దంలో చూసినట్టు తిరగబడి మసకగా కనిపిస్తుంది. అక్షరాలు తిరగబడకుండా సూటిగా చదవడానికి వీలుగా ఉంటే, అది తడి సిరా అంటుకోవడం వల్ల వచ్చింది కాదనీ, మరో కారణం వెతకాలనీ అర్థం. వెనుక వైపు అచ్చుకు షీటును తలకిందులుగా పెడితే, ముందు భాగం నిటారుగా, వెనుక భాగం తలకిందులుగా ఉన్న కార్డులు తయారవుతాయి.

కోతలో జరిగే తప్పులను మిస్‌కట్ అంటారు. బొమ్మ ఒక పక్కకు కాస్త జరిగితే అది ఆఫ్-సెంటర్ మాత్రమే. పక్క కార్డు భాగం కూడా కనిపించేంతగా జరిగితేనే సేకర్తలు దాన్ని నిజమైన మిస్‌కట్‌గా లెక్కిస్తారు. మూలలు గుండ్రంగా కోసే దశ తప్పిపోతే నాలుగు మూలలూ చదరంగా మిగులుతాయి. చివరగా ప్యాకెట్ మూసే దవడల మధ్య కార్డు అంచు ఇరుక్కుంటే దాని మీద సమాంతర గాట్లు పడతాయి. వీటిని క్రింప్ అంటారు.

ప్యాకెట్ తెరిచాక జరిగినదేదీ అచ్చుతప్పు కాదు. ఎండకు వెలసిన రంగు, తేమకు ఉబ్బిన అట్ట, చేతిలో నలిగిన మూల ఎంత వింతగా ఉన్నా అవి చెడిపోవడమే. అమ్మకానికి పెట్టిన వాటిలో ఈ రెంటినీ కలిపేసినవి ఎన్నో కనిపిస్తాయి. అందరూ మోసం చేయాలనే పెట్టరు, తెలియక పెట్టేవారూ చాలామంది ఉంటారు.

రెండో మెట్టు: అరుదైన తప్పా, అందరి దగ్గరా ఉన్న తప్పా?

తప్పు ఉన్నంత మాత్రాన విలువ రాదు. తప్పు సరిదిద్దబడిందా, అయితే ఎప్పుడు అన్నది తేల్చుకోవాలి. 1994 నాటి మ్యాజిక్ రివైజ్డ్ ముద్రణలో సెరెండిబ్ ఎఫ్రీట్ అనే నీలం కార్డు మీద మరో కార్డు బొమ్మ, ఆకుపచ్చ చట్రంతో సహా అచ్చయింది. ఆ ముద్రణలోని ప్రతులన్నీ అలాంటివే కాబట్టి ఆ తప్పు ప్రసిద్ధమే తప్ప అరుదైనది కాదు. అదే ఏడాది అచ్చయి, లోపాల వల్ల వెనక్కి తీసుకుని నాశనం చేయగా కొద్దిగా మిగిలిన ముద్రణను సేకర్తలు సమ్మర్ మ్యాజిక్ అంటారు. అందులో ఆకుపచ్చ కార్డయిన హరికేన్ నీలి చట్రంతో వచ్చింది. రెండూ చట్రం రంగు తప్పులే. ఒకటి ఎవరికైనా దొరుకుతుంది, రెండోది ఈ రంగంలోనే అత్యంత విలువైన కార్డులలో ఒకటి.

బేస్‌బాల్ కార్డులలో ఈ తేడా ఇంకా స్పష్టం. టాప్స్ సంస్థ 1969లో వేసిన సెట్‌లో (ఒక విడుదలలోని కార్డులన్నీ కలిపి సెట్) ఆరేలియో రోడ్రిగేజ్ కార్డు మీద ఆటగాడి ఫోటోకు బదులు బ్యాట్లు అందించే కుర్రవాడి ఫోటో పడింది. దాన్ని సరిదిద్దలేదు. అందువల్ల తప్పు పేరు చెప్పి ఎక్కువ ధర అడగడానికి వీల్లేదు. 1989 ఫ్లీర్ సెట్‌లో 616వ నంబరు బిల్లీ రిప్కెన్ కార్డులో బ్యాటు పిడి కింద రాసి ఉన్న బూతుమాట అలాగే అచ్చయింది. సంస్థ దాన్ని నల్ల గడితో, గీతలతో, తెల్ల పూతతో రకరకాలుగా కప్పింది. ఇక్కడ గుర్తుంచుకోవలసిన సంగతి ఏమిటంటే, ఆ దిద్దుబాట్లలో తెల్ల పూత పూసింది అసలు తప్పు కార్డు కంటే అరుదుగా దొరుకుతుంది. తప్పునే కాదు, దిద్దుబాటునూ చూడాలి.

1990 టాప్స్ 414వ నంబరు ఫ్రాంక్ థామస్ కార్డులో ముందు వైపు ఆటగాడి పేరు లేకపోవడం మరింత నేర్పుతుంది. నల్ల సిరా అందవలసిన చోట అడ్డు పడడంతో పేరు మాయమైంది. ఆ అడ్డు ఒక్క కార్డుకే పరిమితం కాలేదు, షీటు మీద దాని ఇరుగుపొరుగున ఉన్న మరికొన్ని కార్డులలోనూ నలుపు కొంత లోపించింది. అంటే ఒక తప్పు నిజమని చెప్పడానికి పక్క కార్డులు సాక్ష్యం పలికాయి. ఏ అచ్చుతప్పునైనా ఇలా షీటు దృష్టితో చూడడం అలవాటు చేసుకోవాలి.

పోకెమాన్‌లో 1999 నాటి జంగిల్ సెట్ హోలో కార్డులు (మెరిసే రేకు బొమ్మలున్నవి) కొన్ని సెట్ గుర్తు లేకుండా వచ్చాయి. బేస్ సెట్‌లో నైన్‌టేల్స్ కార్డు కొన్ని ప్రతులలో దెబ్బ విలువను సూచించే అంకె లేదు. ఇవి చాలినన్ని ప్రతులున్న, పేరుపడ్డ తప్పులు. వీటికి స్థిరమైన ధర ఉంటుంది, కొత్తవారు వీటితో మొదలుపెట్టడం మేలు.

ఒక చిన్న హెచ్చరిక. 1993 నాటి మ్యాజిక్ ఆల్ఫా కార్డుల మూలలు తర్వాతి ముద్రణల కంటే ఎక్కువ గుండ్రంగా ఉంటాయి. అది ఆ ముద్రణ లక్షణమే గాని కోత తప్పు కాదు. సెట్ మామూలు రూపం ఏమిటో తెలియకుండా తప్పును గుర్తించలేము.

మూడో మెట్టు: నకిలీ తప్పును పట్టుకోవడం

ఇందుకు కావలసిన సామగ్రి తక్కువే. పది నుంచి ముప్పై రెట్లు పెద్దది చేసి చూపే చిన్న భూతద్దం, మిల్లీమీటర్ల కొలబద్ద, ఒక టార్చిలైటు, అదే సెట్‌కు చెందిన చవక కార్డు ఒకటి చాలు. ఆ చవక కార్డే అన్నిటికన్నా ముఖ్యమైన పరికరం. దాన్ని పక్కన పెట్టుకోకుండా ఏ నిర్ణయానికీ రావద్దు.

నేను ఒకప్పుడు మెజెంటా సిరా లేని కార్డు అని చెప్పిన దాన్ని కొన్నాను. ఫోటోలో ఎరుపు అంతా పోయి, బొమ్మ నీలిపచ్చగా, ఎంతో అందంగా ఉంది. ఇంటికి వచ్చాక భూతద్దం కింద పెడితే, ఎరుపు ఉండవలసిన చోట లేత గులాబీ చుక్కలు వరుసలు వరుసలుగా, ఆరిపోతున్న నిప్పుకణాల్లా ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. అచ్చు బొమ్మ చిన్న చిన్న రంగు చుక్కల కలయికే కాబట్టి, సిరా అసలు పడకపోతే చుక్క జాడే ఉండకూడదు. చుక్క ఉండి రంగు పోయిందంటే దాన్ని ఎండ తినేసిందన్నమాట. ముద్రణ సిరాలలో పసుపు, మెజెంటా ముందుగా వెలుస్తాయి, నీలం, నలుపు నిలుస్తాయి. అందుకే కిటికీ దగ్గర నెలల తరబడి ఉన్న కార్డు సరిగ్గా రంగు లోపించిన కార్డులానే కనిపిస్తుంది. రంగు లోపం అని చెప్పే ప్రతి కార్డుకూ చుక్కల దగ్గరి ఫోటో అడగడం ఆ రోజు నుంచి నాకు నియమమైంది. వెనుక వైపు కూడా చూడాలి. ఆల్బంలోనో చట్రంలోనో పెట్టిన కార్డుకు ఒక వైపే వెలిసిపోవడం, అంచున కప్పి ఉన్న సన్నని పట్టీలో మాత్రం రంగు తాజాగా మిగలడం ఎండ పని అని చెప్పే గుర్తులు.

రసాయనంతో సిరా తుడిచి ఖాళీ చేసిన కార్డులు రెండో రకం మోసం. అసిటోన్ వంటి ద్రవం సిరాతో పాటు మెరుపు పూతనూ లేపేస్తుంది. కార్డును ఏటవాలుగా పట్టుకుని టార్చి వెలుగు పారిస్తే ఆ భాగం చుట్టుపక్కల కంటే మొద్దుబారి కనిపిస్తుంది. ఖాళీ అంచులు మెల్లగా కరిగి మాసిపోయినట్టు ఉంటాయి. కాగితపు ముక్క అడ్డుపడి ఏర్పడిన ఖాళీ అలా ఉండదు. దాని అంచు కత్తిరించినట్టు తేటగా ఉంటుంది, చింపిన కాగితమైతే దాని పీచుల ఆకారం కూడా సిరాలో అచ్చుపడి కనిపిస్తుంది. సిరా లేకపోయినా పూత మాత్రం ఆ ఖాళీ మీదుగా నునుపుగా సాగుతుంది, ఎందుకంటే పూత పూసేసరికి ముక్క రాలిపోయి ఉంటుంది. పూతకు కూడా ఆ ముక్క అంటిపెట్టుకునే ఉంటే ఖాళీలో మెరుపు ఉండదు. అప్పుడు అంచు తేటదనమే ప్రధాన సాక్ష్యం అవుతుంది. నలుపు లేదని చెప్పే కార్డులో అక్షరాలు మాత్రమే పోయి, బొమ్మలోని నీడల్లో నలుపు నిండుగా ఉంటే, ఆ నలుపు పోయిన చోటుకు స్పష్టమైన సరిహద్దు ఉందేమో వెతకాలి. సరిహద్దు లేకుండా ఏరి ఏరి అక్షరాలను మాత్రమే వదిలేసే యంత్రం ఉండదు.

మిస్‌కట్‌లలో మోసానికి ముడిసరుకు కత్తిరించని షీట్లు. అవి సేకర్తలకు చట్టబద్ధంగానే అందుబాటులో ఉంటాయి. ఎవరైనా కత్తెరతో తమకు నచ్చిన కోణంలో కోసుకుని రెండు కార్డుల సగాలు కలిసిన ముక్కను మిస్‌కట్ అని అమ్మవచ్చు. ఇక్కడ కొలబద్ద పనికొస్తుంది. మ్యాజిక్, పోకెమాన్ కార్డులు 63 మిల్లీమీటర్ల వెడల్పు, 88 మిల్లీమీటర్ల పొడవు ఉంటాయి. మరో ఆట అయిన యు-గి-ఓ కార్డులు 59కి 86. షీటు జరిగినా కోత యంత్రం మారదు కాబట్టి చాలావరకు నిజమైన మిస్‌కట్‌లో బొమ్మ తప్పిపోతుందే గాని కార్డు కొలత తప్పదు. మూలల వంపు పక్కనున్న మామూలు కార్డు వంపుతో సరిపోతుంది. అంచును భూతద్దంలో చూస్తే యంత్రపు కోత ఒకే తీరుగా ఉంటుంది, చేతి కోతలో బ్లేడు ఆగి మళ్లీ సాగిన చోట మెట్టు కనిపిస్తుంది. వెనుక వైపు కూడా జరిగి ఉండాలన్నది మరో పరీక్ష: ముందు భాగం ఐదు మిల్లీమీటర్లు జరిగి, వెనుక భాగం సరిగ్గా నడుమ ఉంటే అది కోత వల్ల జరిగిన తప్పు కాదు. రెండు వైపుల అచ్చు ఒకదానితో ఒకటి తప్పిందా, లేక ఎవరైనా రెండు ముక్కలు అతికారా అని విచారించాలి.

వెనుక వైపు వేరే ఆట బొమ్మ ఉందని, లేదా రెండు వైపులా ఒకే బొమ్మ ఉందని చెప్పే కార్డులకు ఈ అతుకు పరీక్ష తప్పనిసరి. మ్యాజిక్ కార్డుల అట్ట మధ్యలో సన్నని నీలి పొర ఉంటుంది. అంచును భూతద్దంలో చూస్తే అది ఒక్క గీతగా కనిపించాలి. రెండు గీతలు కనిపించినా, గీత అసలే లేకపోయినా, కార్డు మామూలు దాని కంటే మందంగా ఉన్నా కొనవద్దు. చీల్చి చూడడం, వంచి చూడడం వంటి పరీక్షలు మంచి కార్డును కూడా నాశనం చేస్తాయి. వాటి జోలికి పోకూడదు.

క్రింప్ సంగతి తేలిక. ప్యాకెట్ అంచు మీది గాట్లకూ కార్డు మీది గాట్లకూ మధ్య దూరం ఒకటే ఉండాలి, అవి కార్డు అంచుకు దాదాపు సమాంతరంగా సాగాలి. పట్టకారుతో నొక్కిన గాట్లు పొట్టివిగా, ఒకదానికొకటి లోతు తేడాలతో ఉంటాయి.

నాలుగో మెట్టు: వెతకడం

పెద్ద వేలం వేదికలలో ఎర్రర్, మిస్‌ప్రింట్, మిస్‌కట్, క్రింప్, ఆఫ్-సెంటర్ అనే మాటలతో వెతికితే ఎక్కువగా కనిపించేవి సాధారణ కార్డులే. హోలో మెరుపు కాస్త పక్కకు పాకినా, అంచు ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా అరుదైన తప్పు అని శీర్షిక పెడతారు. మంచి సరుకు తరచు శీర్షికలో ఆ మాట లేని చోటే దొరుకుతుంది. పాడైన కార్డుల విభాగంలో, ఒకేసారి వందల కార్డులు కలిపి పెట్టిన ఫోటోలలో, తప్పు ఉందని గమనించని అమ్మకందారుల దగ్గర చూడాలి. ఓపిక కావాలి, కానీ కళ్లు అలవాటు పడ్డాక ఫోటోలోని చిన్న అసమానత కూడా పట్టుబడుతుంది. అచ్చుతప్పులకే పరిమితమైన సేకర్తల బృందాలలో సభ్యులు కావడం రెండో దారి. అక్కడ ధర ఎక్కువైనా ఒక కార్డు గురించి పదిమంది అనుభవజ్ఞులు మాట్లాడుకోవడం చూడగలుగుతారు. ఆ చదువు ధరకు మించినది.

ఐదో మెట్టు: ధర కట్టడం

అమ్మకానికి అడుగుతున్న ధరను ఎన్నడూ ప్రమాణంగా తీసుకోవద్దు. ఎవరైనా ఏ అంకె అయినా రాసుకోవచ్చు. అమ్ముడైన వాటి ధరలనే చూడాలి. ఈబేలో అమ్ముడైన వాటిని మాత్రమే చూపే వడపోత ఉంది. అయితే బేరమాడి కొన్న వాటికి అక్కడ కనిపించేది కొట్టేసిన పాత ధరే, అసలు చేతులు మారిన మొత్తం కాదు. ఈ సంగతి తెలియక ఎక్కువ లెక్కించుకునేవారు ఎందరో.

ఒక్క ప్రతే ఉన్న కార్డుకు పోల్చడానికి ఏమీ ఉండదు. అప్పుడు అంచనాను నాలుగు వైపుల నుంచి కట్టాలి. మొదటిది, తప్పు లేకపోయినా ఆ కార్డును ఎంతమంది ఇష్టపడేవారు అన్నది. అందరికీ ప్రియమైన పాత్ర మీది చిన్న తప్పుకు వచ్చే ధర, ఎవరికీ గుర్తులేని కార్డు మీది పెద్ద తప్పుకు రాకపోవచ్చు. రెండోది, చేయి చాచినంత దూరం నుంచి తప్పు కనిపిస్తుందా అన్నది. భూతద్దం అడిగే తప్పుకు కొనేవారు తక్కువ. మూడోది, ఆ రకం తప్పు ఎంత తరచుగా వస్తుందన్నది. క్రింప్‌లు తరచుగా వస్తాయి, ఒక రంగు పూర్తిగా లోపించడం అరుదు. నాలుగోది స్థితి. అచ్చుతప్పు ఉన్నంత మాత్రాన నలిగిన మూలలకు మినహాయింపు లేదు. ఈ నాలుగింటిలో రెండోదానికే నేను ఎక్కువ బరువు ఇస్తాను, ఎందుకంటే అమ్మే రోజున ఫోటో చూడగానే ఆగేలా చేసేది అదే.

వేలంలో ఒక్కసారి వచ్చిన భారీ ధర ఆ రోజు ఇద్దరు పట్టుదలగా పోటీపడ్డారని మాత్రమే చెబుతుంది. మూడో కొనుగోలుదారు ఉంటాడన్న హామీ దానిలో లేదు.

ఆరో మెట్టు: అడగడం, చెల్లించడం

కొనే ముందు అమ్మకందారుని ఈ ఫోటోలు అడగండి: పలుచని ప్లాస్టిక్ తొడుగు (స్లీవ్) లేకుండా ముందు, వెనుక వైపులు నిటారుగా, నాలుగు మూలలు దగ్గరగా, నాలుగు అంచులు పక్కనుంచి, ఏటవాలు వెలుగులో పైభాగం, పక్కన కొలబద్దతో ఒకటి, చేతిరాతతో తేదీ రాసిన కాగితంతో కలిపి ఒకటి. చివరిది ఆ కార్డు నిజంగా వారి చేతిలో ఉందని తెలుసుకోవడానికి. తర్వాత దాని చరిత్ర అడగండి. ప్యాకెట్‌లోంచి వచ్చిందా, మరొకరి దగ్గర కొన్నారా, ప్యాకెట్‌లోంచి వస్తే ఆ ప్యాకెట్‌లోని మిగతా కార్డులు ఎలా ఉన్నాయి? షీటు మీద జరిగే తప్పులు, కోత తప్పులు ఒంటరిగా రావడం తక్కువ. ఒకే పెట్టెలోని వరుస ప్యాకెట్లలో అలాంటివే మరికొన్ని కనిపించడం సహజం. ముద్రణాలయపు చెత్తలోంచి బయటపడ్డ పరీక్ష ప్రతులు కూడా మార్కెట్లో తిరుగుతుంటాయి. వాటిని సేకర్తలు ప్యాకెట్‌లో వచ్చిన వాటితో సమానంగా చూడరు, అందుకే ఈ ప్రశ్నకు సూటి జవాబు రావాలి. ఈ ప్రశ్నలకు విసుక్కునే అమ్మకందారుని దగ్గర నుంచి మర్యాదగా తప్పుకోవడమే మంచిది. నిజమైన సేకర్త తన కార్డు గురించి అడిగితే సంతోషంగా చెబుతాడు.

చెల్లింపు కొనుగోలుదారుకు రక్షణ ఉన్న మార్గంలోనే జరగాలి. పేపాల్‌లో స్నేహితులకు, కుటుంబానికి పంపే పద్ధతిలో కొనుగోలు రక్షణ వర్తించదు. కొద్దిపాటి రుసుము మిగులుతుందని ఆ దారిన పంపమని అడిగే కొత్త అమ్మకందారునికి ఒప్పుకోవద్దు. సంభాషణంతా వేదికలోని సందేశాలలోనే ఉంచండి. వివాదం వస్తే వేదిక చూసేది వాటినే. విదేశం నుంచి వచ్చే కార్డుకు సుంకం తగ్గించడానికి విలువ తక్కువగా రాయమని కోరడం చట్టరీత్యా తప్పు. పైగా పొట్లం పోతే బీమా కూడా ఆ రాసిన విలువకు మించి ఇవ్వదు.

పొట్లం అందాక తెరిచే దృశ్యాన్ని మధ్యలో తెగకుండా ఒకే వీడియోగా తీయండి. చిరునామా చీటీ కనిపించేలా మొదలుపెట్టి, కార్డు స్లీవ్‌లోంచి బయటికి వచ్చేదాకా ఆపవద్దు. అదే రోజు మూడో మెట్టులోని పరీక్షలన్నీ చేయండి. ఫిర్యాదుకు గడువు ఉంటుంది, అది వేదికను బట్టి మారుతుంది కాబట్టి కొనే ముందే చదివి పెట్టుకోవాలి.

ఏడో మెట్టు: గ్రేడింగ్‌కు పంపాలా?

పీఎస్‌ఏ, బెకెట్, సీజీసీ, ఎస్‌జీసీ వంటి సంస్థలు కార్డును పరీక్షించి, స్థితిని బట్టి అంకె ఇచ్చి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో బిగిస్తాయి. దీన్నే గ్రేడింగ్ అంటారు. మామూలు కార్డుకు అంకె ప్రధానం. అచ్చుతప్పు కార్డుకు అది అసలు కార్డే, ఎవరూ చేయి పెట్టలేదు అన్న నిర్ధారణ ప్రధానం. పీఎస్‌ఏ పద్ధతిలో నడుమ తప్పిన దానికి ఓసీ, కోత తప్పిన దానికి ఎంసీ, ముద్రణ లోపానికి పీడీ అనే గుర్తులు అంకె పక్కన చేరుతాయి. సాధారణ సేకర్తకు ఇవి మచ్చలు, మనకు ఇవే ధ్రువపత్రాలు. అయితే ప్రతి తప్పుకూ పేరుతో చీటీ రాస్తారనుకోవద్దు. గుర్తింపు పొందిన తప్పులకు రాయడం సులువు, ఒక్క ప్రతే ఉన్నదానికి కష్టం. పంపే ముందు ఆ సంస్థ అలాంటి తప్పులను తీసుకుంటుందా, చీటీ మీద ఏమని రాస్తుంది అన్నది అడిగి తెలుసుకోవాలి. పెట్టెలో బిగించాక అంచును భూతద్దంతో చూడడం కష్టమవుతుంది కాబట్టి అంచు సాక్ష్యం ముఖ్యమైన కార్డులకు పంపే ముందే ఫోటోలు తీసి దాచండి. తక్కువ విలువ గల క్రింప్‌కు గ్రేడింగ్ ఖర్చు తిరిగి రాదు.

ఎనిమిదో మెట్టు: అమ్మకానికి సిద్ధం చేయడం

అమ్మే ముందు కార్డును శుభ్రం చేయాలని, వంపు తీయాలని, క్రింప్‌ను నొక్కి చదును చేయాలని అనిపిస్తుంది. ఏదీ చేయవద్దు. అంటుకున్న సిరా మరక, మడత, గాటు ఇవే మీ సరుకు.

ఫోటోల కంటే స్కాన్ మేలు. 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు) దగ్గర, స్కానర్ తనంతట తాను రంగులు సవరించే సదుపాయాన్ని ఆపివేసి స్కాన్ చేయాలి. లేకపోతే రంగు లోపాన్ని యంత్రమే పూడ్చేస్తుంది, లేదా లేని లోపాన్ని పుట్టిస్తుంది. మామూలు ప్రతిని పక్కన పెట్టి ఒకేసారి స్కాన్ చేస్తే కొనేవారికి రంగు మీద నమ్మకం కుదురుతుంది. స్కానర్ గాట్లనూ ఉబ్బునూ సరిగ్గా చూపించదు కాబట్టి క్రింప్‌లకూ మడతలకూ ఏటవాలు వెలుగులో ఫోటో తప్పనిసరి. చుక్కల దగ్గరి ఫోటో ఒకటి ఫోనును భూతద్దం మీద ఆనించి తీయవచ్చు.

శీర్షికలో సెట్ పేరు, కార్డు పేరు, సంవత్సరం, తప్పు రకం ఉండాలి, పొగడ్తలు అక్కరలేదు. వివరణలో మూడు విషయాలను విడివిడిగా రాయండి. తప్పు ఏమిటి, అది ఏ దశలో జరిగిందని మీరు భావిస్తున్నారు, దానికి సంబంధం లేని నష్టం ఏముంది? ఉదాహరణకు, "మెజెంటా సిరా పూర్తిగా లోపించింది, భూతద్దంలో చుక్కల జాడ లేదు, వెనుక వైపు మామూలుగానే ఉంది, కింది ఎడమ మూల కొద్దిగా నలిగింది" అని రాస్తే కొనుగోలుదారు అడగవలసిన ప్రశ్నలు సగానికి సగం తగ్గిపోతాయి. మీకు కార్డు ఎలా వచ్చిందో ఉన్నదున్నట్టు రాయండి. ప్యాకెట్‌లోంచి మీరే తీయకపోతే తీశానని రాయవద్దు. ఈ చిన్న లోకంలో ఒక కార్డు ఏళ్ల తర్వాత తిరిగి కనిపిస్తుంది, దానితో పాటు మీరు రాసిన మాట కూడా.

పేరుపడ్డ తప్పుకు ధర తెలుసు కాబట్టి స్థిర ధరకు పెట్టి బేరానికి అవకాశం ఇవ్వవచ్చు. ఒక్క ప్రతే ఉన్నదానికి వేలం సరైన దారి, కానీ ఆసక్తి ఉన్నవారికి ముందుగా తెలియకపోతే వేలం తక్కువలో ముగిసిపోతుంది. అందుకని వేలం మొదలయ్యే ముందే సేకర్తల బృందాలలో కార్డు స్కాన్‌లు చూపించి, అభిప్రాయాలు అడిగి, అక్కడ ఎవరైనా సందేహం లేవనెత్తితే దాన్ని తీర్చాకే వేలానికి పెట్టడం మంచిది. నష్టానికి ఇష్టం లేకపోతే కనీస ధర పెట్టుకోండి. పరిచయస్తులతో బిడ్లు వేయించి ధర పెంచడం మోసం, వేదికలు ఖాతాను మూసివేస్తాయి.

తొమ్మిదో మెట్టు: పంపడం

స్లీవ్, దాని మీద టాప్‌లోడర్ (గట్టి ప్లాస్టిక్ తొడుగు), దాన్ని మూసే సంచి, రెండు వైపులా అట్టముక్కలు, తేలిగ్గా ఊడే టేపు కావాలి. టేపు కొస మడిచి ఉంచితే తీసేటప్పుడు కార్డుకు దెబ్బ తగలదు. చదరపు మూలలున్న కార్డును బిగుతు స్లీవ్‌లోకి తోస్తే మూల ముడుచుకుపోతుంది, కొంచెం వదులుగా ఉండేది వాడండి. కొలత మించిన మిస్‌కట్ టాప్‌లోడర్‌లో పట్టకపోతే బలవంతంగా దూర్చక, రెండు గట్టి అట్టల మధ్య పెట్టండి. క్రింప్ ఉన్న కార్డు మందం ఒకచోట ఎక్కువగా ఉంటుంది కాబట్టి మందపాటి టాప్‌లోడర్ కావాలి, లేకపోతే దారిలోనే గాట్లు చదునైపోతాయి. ట్రాకింగ్ నంబరు, విలువకు తగిన బీమా, అందినట్టు సంతకం ఉండాలి. పొట్లం కట్టేముందు గ్రేడింగ్ పెట్టె మీది చీటీనీ, దాని నంబరునూ, లేదా కార్డు మీది ప్రత్యేకమైన మచ్చనూ ఫోటో తీసి ఉంచండి. వెనక్కి వచ్చినది మీరు పంపిన కార్డే అని తేల్చుకోవడానికి అదొక్కటే ఆధారం.